న్యాయపీఠం నుండి వాషింగ్టన్‌కు: మహమ్మదలీ కరీం చాగ్లా

1958 సంవత్సరారంభంలో బొంబాయి నగరంలో ఒక విచారణ జరిగింది. జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన కంపెనీలలో సుమారు ఒక కోటి 24 లక్షల రూపాయల వాటాలను కొన్నది. ప్రజల సొమ్మును అలా వెచ్చించడం సబబేనా అని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ప్రశ్నించారు. ప్రభుత్వం విచారణకు ఏకసభ్య సంఘాన్ని నియమించింది. ఆ ఏకసభ్యుడు నాటి బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి మహమ్మదలీ కరీం చాగ్లా. ఆయన తలుపులు మూసుకొని విచారించలేదు. లోపల చోటు చాలని జనం బయట నిలబడి వినేందుకు లౌడ్‌స్పీకర్లు సైతం అమర్చారు. 24 రోజులలో పని ముగిసింది. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి పదవికి రాజీనామా చేయవలసి వచ్చింది.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఆ కృష్ణమాచారిగారే అంతకు కొద్ది నెలల ముందు, 1957లో, దేశానికి విదేశ మారకద్రవ్యం కరవై రెండవ పంచవర్ష ప్రణాళిక నడిసముద్రంలో నావలా ఊగుతున్న తరుణంలో, సహాయాన్ని అర్థించడానికి అమెరికా వెళ్ళి వచ్చారు. ఆ మంత్రి పదవీచ్యుతికి కారణమైన న్యాయమూర్తినే ఆ సంవత్సరంలోనే జవహర్‌లాల్ నెహ్రూ అమెరికాకు భారత రాయబారిగా ఎంపిక చేశారు. మంత్రి తలపెట్టిన పనిలో ముఖ్యభాగం న్యాయమూర్తి భుజాలపై పడింది. మన పాఠకులలో పలువురు చాగ్లాను న్యాయవేత్తగా, విద్యామంత్రిగా ఎరుగుదురు. రెండు ప్రజాస్వామ్య దేశాల మధ్య ఆయన నిలిచిన ఆ మూడు సంవత్సరాల కథ అంతగా ప్రచారంలోకి రాలేదు. అందుచేత ఆ కథనే ఇక్కడ కొంత విపులంగా చెప్పదలచాను.

చాగ్లా 1900 సెప్టెంబరు 30న బొంబాయిలో ఖోజా వర్తక కుటుంబంలో జన్మించారు. వారి ఇంటిపేరు మర్చంట్. చాగ్లా అనే పేరు ఆయన తరువాత స్వీకరించినదే. పసితనంలోనే తల్లి గతించింది. సెయింట్ జేవియర్ విద్యాలయంలో చదివి, ఆక్స్‌ఫర్డులోని లింకన్ కళాశాలలో చరిత్ర అభ్యసించి, 1922లో బారిస్టరై తిరిగివచ్చారు. తొలినాళ్ళలో మహమ్మదలీ జిన్నా ఛాంబరులో పనిచేశారు. జిన్నాను ఆయన గురుభావంతో చూసేవారు. అయితే 1928లో నెహ్రూ నివేదిక విషయమై ఇరువురికీ భేదం కలిగింది. చాగ్లా ఆ నివేదికను అంగీకరించగా, విదేశాల నుండి తిరిగివచ్చిన జిన్నా తిరస్కరించారు. అక్కడితో దారులు వేరైనాయి. కొంతకాలం బొంబాయి ప్రభుత్వ న్యాయకళాశాలలో పాఠాలు చెప్పారు. అదే కళాశాలలో డాక్టర్ అంబేద్కర్ కూడా బోధించారు. 1941లో న్యాయమూర్తి, 1947లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1946లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన భారత ప్రతినిధివర్గంలో సభ్యులుగా దక్షిణాఫ్రికాలోని భారతీయుల పక్షాన శ్రీమతి విజయలక్ష్మీ పండిట్‌తో కలిసి కృషి చేశారు. అదే ఆయనకు దౌత్యరంగంలో తొలి పరిచయం.

రాయబారిగా ఆయన నియామకం విమర్శకు లోనుకాకపోలేదు. ఆ ఏడాదే సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ తన సుప్రసిద్ధమైన 14వ నివేదికను సమర్పించింది. పీఠం దిగిన న్యాయమూర్తులు ప్రభుత్వమిచ్చే ఉద్యోగాలు స్వీకరించరాదని అందులో సిఫారసు ఉన్నది. ఆ కమిషన్ సభ్యులలో చాగ్లా ఒకరు. సంతకం చేసిన సిరా ఆరకముందే తానే పీఠం విడిచి రాయబారి పదవి స్వీకరించడాన్ని సెతల్వాడ్ హర్షించలేదు. చాగ్లాను గౌరవించేవారు సైతం ఈ విషయంలో ఆయనను సమర్థించడం కష్టం. ఆయన చేసిన పని గొప్పదే కావచ్చు. ఆ పని కోసం ఆయన దాటిన గీత మాత్రం ఆయన స్వయంగా గీసినది.

ఆయన వాషింగ్టన్ చేరేనాటికి ఇరుదేశాల మధ్య పలుకుబళ్ళు అంత తియ్యగా లేవు. 1954లో అమెరికా పాకిస్తాన్‌తో సైనిక సహాయ ఒప్పందం చేసుకున్నది. విదేశాంగమంత్రి డల్లెస్ దృష్టిలో తటస్థత అనేది దాదాపు నీతిబాహ్యమైన విషయం. ఏ కూటమిలోనూ చేరబోమన్న భారతదేశం ఆయనకు అర్థంకాని పొడుపుకథ. అమెరికా తన శైశవదశలో యూరపు కూటములకు దూరంగా ఉండాలని జార్జి వాషింగ్టన్ ఉపదేశించిన సంగతి డల్లెస్‌కు తెలియనిది కాదు. తనకు మేలుచేసిన పథ్యం పరునికి పనికిరాదనుకోవడం పెద్ద దేశాలకు పరిపాటి.

మరొక గాయం కూడా అప్పటికింకా పచ్చిగానే ఉన్నది. చాగ్లాకు ముందు రాయబారిగా ఉన్న జి.ఎల్. మెహతాను 1955లో హ్యూస్టన్ విమానాశ్రయ భోజనశాలలో, మేని రంగు చూసి, తెల్లవారి మధ్య నుండి లేచి వేరొకచోట కూర్చొనమన్నారు. అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పుకున్నది. కాని ఒక దేశపు రాయబారికే ఈ మర్యాద జరిగినప్పుడు, అక్కడి నీగ్రో పౌరుని దినచర్య ఎట్లుండునో ఊహించుకోవచ్చు. చాగ్లా అక్కడ ఉన్న కాలంలోనే, 1960 ఫిబ్రవరిలో, గ్రీన్స్‌బరో పట్టణంలో నల్లజాతి విద్యార్థులు భోజనపు బల్లల వద్ద శాంతియుతంగా కూర్చొని ఉద్యమం ఆరంభించారు. గాంధీమహాత్ముని మార్గం సముద్రాలు దాటి అక్కడి యువకుల చేతికి చేరింది. ఇరుదేశాలను కలిపిన బంధాలలో సర్కారులు నేసినవి కాని ఇటువంటి పోగులు కూడా ఉన్నాయి. నాటి చట్టం ప్రకారం సంవత్సరానికి 100 మంది భారతీయులు మాత్రమే అక్కడ స్థిరనివాసం కోసం ప్రవేశించగలిగేవారు. ఆ ఆంక్ష తొలగినది 1965 చట్టంతో. నేడు మన కృష్ణా, గుంటూరు, కరీంనగర్ జిల్లాలలో అమెరికాలో బంధువులు లేని ఊరు వెతకవలసి వచ్చే స్థితిని చూస్తున్నవారికి ఆ నూరు అనే సంఖ్య వింతగా తోచవచ్చు.

చాగ్లాకు వృత్తి దౌత్యవేత్తల మెళకువలు రావు. ఆయనకు వచ్చినది కోర్టులో వాదాన్ని నిర్మించడం, ఎదుటి పక్షాన్ని ఓపికగా వినడం. ఆ రెండింటినే ఆయన ఆయుధాలుగా చేసుకున్నారు. విశ్వవిద్యాలయాలలోను, వృత్తి సంఘాలలోను, పౌరసభలలోను తిరిగి ఉపన్యసించారు. ఆ ప్రసంగాలు తరువాత గ్రంథరూపం దాల్చాయి. కాశ్మీరు విషయమై అడిగేవారు, తటస్థతను గూర్చి నిలదీసేవారు ఎక్కడికి వెళ్ళినా ఎదురయ్యేవారు. లౌకికరాజ్యమంటే ఏమిటో చెప్పడానికి ఆయనకు పెద్ద ఉపోద్ఘాతం అవసరమయ్యేది కాదు. మహమ్మదీయ కుటుంబంలో పుట్టి, హిందువులు అధికసంఖ్యాకులైన దేశంలో ఒక పెద్ద హైకోర్టుకు పదకొండేండ్లు ప్రధాన న్యాయమూర్తిగా ఉండి వచ్చిన మనిషి వేదికపై నిలుచుంటే సగం ప్రశ్నకు సమాధానం దొరికినట్లే.

ఆర్థిక విషయాలు మాత్రం ఆయన ఒంటిచేతి పని కాదు. బి.కె. నెహ్రూ 1958 నుండి ఆర్థిక వ్యవహారాల కమిషనర్ జనరల్‌గా వాషింగ్టన్‌లోనే ఉండి ప్రపంచ బ్యాంకుతో, అమెరికా కోశాగారంతో లెక్కలు తేల్చేవారు. 1958 ఆరంభంలో అమెరికా 22 కోట్ల 50 లక్షల డాలర్ల సహాయం ప్రకటించింది. ఆగస్టులో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యాన అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, జపాన్, కెనడా కలిసి భారత సహాయ సంఘంగా ఏర్పడ్డాయి. ఆ అంకెలకు అమెరికా ప్రజల మనస్సులో చోటు సంపాదించడం రాయబారి వంతు. ఎందుకంటే అక్కడ అధ్యక్షుడు తలచినంత మాత్రాన డబ్బు రాదు. కాంగ్రెసు ఒప్పుకోవాలి. కాంగ్రెసు సభ్యుడు తన జిల్లాలోని రైతుకు, దుకాణదారుకు జవాబు చెప్పుకోవాలి. ఇదే ప్రజాస్వామ్య దేశంతో వ్యవహరించడంలోని ఇబ్బంది. దాని బలం కూడా ఇదే. సెనేటులో జాన్ కెనెడీ, పూర్వం భారతదేశంలో రాయబారిగా పనిచేసిన జాన్ షెర్మన్ కూపర్ కలిసి, ఒకరు ప్రతిపక్షంవారు, ఒకరు అధికారపక్షంవారు అయినప్పటికీ, భారతదేశానికి సహాయం పెంచాలనే తీర్మానాన్ని ప్రతిపాదించారు. చైనా ఒక మార్గాన, భారతదేశం వేరొక మార్గాన పేదరికంతో పోరాడుతున్నాయనీ, ఓటుపెట్టె ద్వారా సాగే మార్గం ఓడిపోరాదనీ వారి వాదన సారాంశం.

1959 డిసెంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఢిల్లీకి వచ్చారు. పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడు మన గడ్డపై కాలు మోపడం అదే ప్రథమం. రామలీలా మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం చేరారు. ఆయన పార్లమెంటులో ప్రసంగించారు, ప్రపంచ వ్యవసాయ ప్రదర్శనను ప్రారంభించారు. ఆ జనసముద్రాన్ని చూసినందువల్లనే గోధుమలు వచ్చాయని చెప్పడం అమాయకత్వం కాగలదు. కాని మరుసటి సంవత్సరం మే 4న వాషింగ్టన్‌లో జరిగిన సంతకాలకు ఆ సందర్శనం దారి సుగమం చేసిందనడంలో సందేహం లేదు.

ఆ ఒప్పందాన్ని గూర్చి కొంత వివరించాలి. అమెరికాలో 1954లో చేసిన 480వ నంబరు చట్టం పేరిట దానిని పి.ఎల్. 480 అంటారు. అక్కడి గాదెలలో గోధుమలు మూలుగుతున్నాయి. అమ్ముదామంటే కొనేవాడి చేతిలో డాలర్లు లేవు. మనకు తిండిగింజలు కావాలి, డాలర్లు లేవు. కాబట్టి కొన్న సరుకుకు రూపాయలలోనే వెల చెల్లించే పద్ధతి ఏర్పడింది. ఆ రూపాయలు మన దేశంలోనే అమెరికా పేరిట జమ అయ్యేవి. అందులో అధికభాగం తిరిగి మన అభివృద్ధి పథకాలకే అప్పుగానో, విరాళంగానో వచ్చేది. కొంత అమెరికా రాయబార కార్యాలయపు ఖర్చులకు పోయేది. ఊరి షావుకారు ధాన్యమిచ్చి, సొమ్ము మన ఇంటి పెట్టెలోనే దాచి, తాళంచెవి మాత్రం తన మొలకు కట్టుకున్నట్లుండేది ఈ ఏర్పాటు.

1960 ఒప్పందం మేరకు నాలుగేండ్లలో 1 కోటి 60 లక్షల టన్నుల గోధుమలు, 10 లక్షల టన్నుల బియ్యం రావలసి ఉన్నది. విలువ 127 కోట్ల 60 లక్షల డాలర్లు. అంతటి ఒప్పందం అదివరకు ఏ దేశంతోనూ జరగలేదు. భారతదేశం పక్షాన ఆహారమంత్రి ఎస్.కె. పాటిల్, అమెరికా పక్షాన స్వయంగా అధ్యక్షుడే సంతకం చేశారు. గింజలు వచ్చాయి, పట్టణాలలో ధరలు అదుపులో నిలిచాయి. అదే సమయంలో చవక గోధుమలు మన రైతు ధరను కుంగదీశాయనీ, వ్యవసాయంపై ప్రభుత్వ శ్రద్ధను సడలించాయనీ వాదించిన ఆర్థికవేత్తలు ఉన్నారు. ఆ వాదనను తోసిపుచ్చడం సులభం కాదు. ఓడరేవుకు ఓడ వస్తుందని తెలిసినప్పుడు కాలువ పూడిక తీసే తొందర తగ్గుతుంది.

ఈ పనుల నడుమనే చాగ్లా మరొక బాధ్యత నిర్వహించారు. దాద్రా, నగర్ హవేలీలకు పోయే దారి విషయమై పోర్చుగల్ భారతదేశంపై హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో వ్యాజ్యం వేసింది. దానిలో భారతదేశం నియమించిన తాత్కాలిక న్యాయమూర్తి చాగ్లాయే. 1960 ఏప్రిల్‌లో తీర్పు వెలువడింది. రాయబారి కోటు విడిచి న్యాయమూర్తి గౌను తొడగడం ఆయనకు కష్టమనిపించి ఉండదు. మెక్సికో, క్యూబాలకు కూడా ఆయనే భారత రాయబారి. 1959లో కాస్ట్రో అధికారంలోకి వచ్చాక వాషింగ్టన్‌కు, హవానాకు ఒక్కరే ప్రతినిధిగా ఉండటం ఎంత సున్నితమైన పనో చెప్పనక్కరలేదు.

1961 జనవరిలో కెనెడీ అధ్యక్షుడయ్యారు. ఆ సంవత్సరం సహాయ సంఘం సమావేశంలో మన మూడవ ప్రణాళిక తొలి రెండేండ్లకు అమెరికా ఒక్కటే 100 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు సమ్మతించింది. డల్లెస్ కాలపు వాతావరణంతో పోల్చిచూస్తే ఈ మార్పు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. చాగ్లా ఆ ఏడే స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆయన స్థానంలో బి.కె. నెహ్రూ రాయబారి అయ్యారు.

ఆ మైత్రి ఫలాలలో కొన్ని మన ముంగిట్లోనే పండాయి. 1964లో రాజేంద్రనగర్‌లో స్థాపించిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం తోడ్పడింది. ఆ సంస్థ నేడు ఆచార్య రంగా, ఆచార్య జయశంకర్ పేర్లతో రెండు రాష్ట్రాలలో రెండు విశ్వవిద్యాలయాలుగా ఉన్నది. 1964లోనే ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం వెలసింది. విశాఖపట్నంలో అమెరికన్ కంపెనీల భాగస్వామ్యంతో కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967లో ఉత్పత్తి ఆరంభించింది. వీటిని చాగ్లా తెచ్చిపెట్టారని చెప్పడం లేదు. ఆయన దున్ని విడిచిన పొలంలో మొలిచిన పైరులు ఇవి.

చాగ్లా 1962లో లండనులో హైకమిషనర్‌గా ఉండి, 1963 నవంబరులో కేంద్ర విద్యామంత్రి అయ్యారు. 1964లో కొఠారీ కమిషన్‌ను నియమించినది ఆయన హయాములోనే. అదే సంవత్సరం భద్రతామండలిలో కాశ్మీరు విషయమై భారతదేశం వాదన వినిపించారు. 1966 నవంబరులో విదేశాంగమంత్రి అయ్యారు. అప్పుడే అసలైన పరీక్ష వచ్చింది.

వరుసగా రెండేండ్లు వానలు ముఖం చాటేశాయి. బీహారులో కరవు తాండవించింది. 1966లో దేశం సుమారు 1 కోటి టన్నుల తిండిగింజలు దిగుమతి చేసుకున్నది. అందులో అధికభాగం అమెరికాదే. అధ్యక్షుడు జాన్సన్ ఒప్పందాలను దీర్ఘకాలానికి చేయక, కొద్ది నెలలకొకమారు, ఒక్కొక్కసారి ఓడల లెక్కన విడుదల చేయసాగారు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది బాహాటంగా చెప్పిన కారణం. వియత్నాంలో బాంబుదాడులు ఆపాలని భారతదేశం అనడం ఆయనకు రుచించలేదన్నది జగమెరిగిన సంగతి. 1960లో చాగ్లా వాషింగ్టన్‌లో ఉండగా మైత్రికి గుర్తుగా బయలుదేరిన గోధుమలే ఇప్పుడు మెడకు పలుపుతాడైనాయి. ఆయన మంత్రిగా ఉన్నప్పటికీ భారతదేశం మాట మార్చలేదు. వియత్నాం విషయంలోనే కాదు, 1967 జూన్‌లో పశ్చిమాసియా యుద్ధ సమయంలో భారతదేశం అరబ్బుల పక్షం వహించింది. అణ్వస్త్రాల వ్యాప్తి నిరోధక ఒప్పందం ముసాయిదాలోని అసమానతకు అభ్యంతరం చెప్పింది. అమెరికాను అంతగా ఎరిగి, అభిమానించిన మనిషి మంత్రిగా ఉన్న రోజులలోనే ఇదంతా జరిగింది. ఆకలిగొన్న దేశం నోరు విప్పి కాదనడం తేలిక విషయం కాదు. ఓడలు ఆలస్యమయ్యాయి. కాని ఆగిపోలేదు. అమెరికా కాంగ్రెసులోను, పత్రికలలోను భారతదేశం పక్షాన మాట్లాడేవారు మిగిలే ఉన్నారు. ఆ గొంతులను సమకూర్చడంలో పూర్వపు రాయబారి ఊరూరా చేసిన ఉపన్యాసాలకు ఎంత పాలున్నదో కొలిచే తక్కెడ లేదు.

1967 సెప్టెంబరులో ఆయన మంత్రిపదవికి రాజీనామా చేశారు. కారణం అమెరికా కాదు, భాష. ఉన్నతవిద్యలో ఆంగ్లాన్ని త్వరితగతిన తొలగించి ప్రాంతీయభాషలను ప్రవేశపెట్టే విధానం దేశసమైక్యతకు చేటు తెస్తుందని ఆయన నమ్మారు. ఇక్కడ ఆయనతో ఏకీభవించడం మనవంటివారికి కష్టమే. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, వైద్యశాస్త్రాన్ని సైతం దేశభాషలో బోధించిన నేల మనది. ఉర్దూ, తెలుగు రెండు భాషలలో చదువుకుంటున్న మన విద్యార్థులు ఈ విషయమై చాగ్లాతో వాదించగలరు. నమ్మినదానికోసం పదవిని వదలుకున్న తీరును మాత్రం కాదనలేరు.

గోధుమల ఖాతాలో పేరుకున్న రూపాయల కథ 1974 ఫిబ్రవరిలో ముగిసింది. అమెరికా రాయబారి మోయ్నిహన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును భారత ప్రభుత్వానికి అందజేసి ఆ మేరకు బాకీ రద్దుచేశారు. షావుకారు తాళంచెవి తిరిగి ఇచ్చివేశాడు. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో ఇరుదేశాలు ముఖాలు చూసుకోనంతగా ఎడబాటైన రెండేండ్లకే ఇది జరిగింది.

చాగ్లా అప్పటికి బొంబాయిలో మళ్ళీ నల్లకోటు ధరించి న్యాయవాదిగా ఉన్నారు. తన ఆత్మకథను రోజెస్ ఇన్ డిసెంబర్ అనే పేరుతో ఆ ప్రాంతంలోనే వెలువరించారు. 1975లో అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు డెబ్బదిఐదేండ్ల వృద్ధుడు పౌరహక్కుల సభావేదికలపై నిలిచి బహిరంగంగా దానిని ఖండించారు. 1981 ఫిబ్రవరి 9న బొంబాయిలో ఆయన కన్నుమూశారు.